మోచేతి ఎత్తు మిషిని

పిల్లనిచ్చేటోళ్లు ఇల్లు చూడ వచ్చిన దినం పిలగాడు ఎట్లుండాలె? తెల్లంగి ఏసుకోవాలె, తలకు నూనె రాసుకోవాలె, పెద్దలు ఏదడిగినా తలకాయ ఊపాలె. నేను మూడూ చేసిన. కాకపోతే నడుం కాడికి మడత పడి, ముక్కు నేల దిక్కు పెట్టి చేసిన. అది సిగ్గు గాదు, భక్తి అంతకన్న గాదు. లేవరాలే, గంతే.

ఎందుకు లేవరాలేదో చెప్త. చెప్తే ఇజ్జత్ పోతదని మా ఆమె అంటది. అది పోయి నలభై ఏండ్లు దాటింది, ఇప్పుడు కొత్తగ పోవటానికి ఏం మిగిలింది? వినుండ్రి.

ఎనభై ఒకటో, ఎనభై రెండో. కాశిబుగ్గల మా బాపుకు కట్టెల డిపో ఉండేది. డిపో అంటే పెద్దగ ఊహించకుండ్రి. ముందల రేకుల షెడ్డు, దాంట్ల ఒక పెద్ద తరాజు, ఎనుక జాగ నిండ మొద్దులు, ఆ పక్కన రెండర్రల మా ఇల్లు. గ్యాసు పొయ్యి అప్పుడు పెద్ద నౌకర్లున్నోళ్ల ఇండ్లల్లనే. మిగిలినోళ్లకు కట్టెలే దిక్కు. ఇంట్ల వంటకు కట్టెలు, హోటల్ల చాయకు కట్టెలు, నూలుకు రంగులేసేటోళ్లకు కాగుల కిందికి కట్టెలు. తొర్రూరు దిక్కు నుంచి లారీల మీద తుమ్మ, వేప, చింత మొద్దులు దిగేటివి. వాటిని చీల్చి, తూకమేసి, బండ్ల మీద ఇండ్లకు పంపుడు మా పని.

మా పని అన్న గాని, చీల్చేది కొమురయ్య కాక. యాభై ఏండ్ల మనిషి, అయిదడుగుల మీద ఒక్క ఇంచు ఎక్కువ లేడు. మా బాపు కాడ నేను పుట్టకముందు నుంచి ఉన్నడు. ఆయన ఒక చింత దుంగను నేలల పాతిపెట్టుకున్నడు, పైకి తేలింది జానెడే. చీల్చే మొద్దును ఆ దుంగ మీదికి దొర్లించి నిలబెట్టేటోడు. గొడ్డలి తల మీదికి లేపి ఇడిస్తే అది తన బరువుతోనే దిగేది. పొద్దంత ఆ చప్పుడు, దానికి జోడు చుట్టుపక్కల మగ్గాల చప్పుడు. పొద్దుగూకే యాల్లకు మాత్రం కాక షెడ్డు గుంజ పట్టుకొని, "ఓ అవ్వా" అనుకుంట నడుం సాపు చేసేటోడు. అది చూస్తే నాకు పాణం ఉసూరుమనేది.

నేను అప్పుడే ఐటీఐల ఫిట్టరు పాసైన. పాసై ఆర్నెల్లాయె, నౌకరీ లేదు. షెడ్డుల మంచమేసుకొని, పని చేసేటోళ్లకు సలహాలు చెప్పుడే నా నౌకరీ. రెండేండ్ల సదువుల నా తలకాయల గట్టిగ నాటుకున్నది ఒక్కటే ముక్క. మా సారు మొదటి దినమే చెప్పిండు: "ఇనుప ముక్కను పట్టి ఉంచే వైస్ ఎప్పుడు గూడ మనిషి మోచేతి ఎత్తుకే బిగించాలె. పైకుంటె భుజం గుంజుతది, కిందికుంటె నడుం గుంజుతది." మిగతా లెక్కలు, డ్రాయింగులు పరీక్ష రాసిన సాయంత్రమే మరిచిపోయిన గాని, ఇది మాత్రం మరువలే. మరిచినా బాగుండు.

ఇగ అసలు సంగతికి వస్త. సరోజన.

ఒకనాడు బండోడు రాకపోతే కట్టెల బండి ఎంబడి నేను పోవలసి వచ్చింది. రంగుల నర్సయ్య ఇంటికి. ఆయన కాశిబుగ్గల సగం మగ్గాలకు నూలు రంగేసి ఇచ్చేటోడు. వాకిట్ల మూడు కాగులు పొగలు కక్కుతాన్నయ్, ఒక పిల్ల నూలు కట్టను కట్టెకేసి మెలిపెట్టి పిండుతాంది. రెండు చేతులు మోచేతుల దాకా నీలం. నేను బండి మీద నిలబడి అట్లనే చూస్తాన్న.

"చూసింది చాలు గాని, కట్టెలు దించు" అన్నది.

దించిన. దించుకుంట గూడ చూసిన. అప్పటిసంది వారం వారం బండోనికి సెలవిచ్చి నేనే పోయేటోన్ని. పని అంటే పరుగు తీసే కొడుకు కట్టెల బండికి ముందల ఉరుకుతాండంటే మా అమ్మకు తెల్వదా? నాలుగు వారాలకే కనిపెట్టింది. నర్సయ్య ఇంటికి మాట పంపింది. ఆయన తిరిగి మాట పంపిండు.

"పిల్లనిచ్చుడు సంగతి తర్వాత. ఆ పోరడు చేతులు కదిలించెటోడా, నోరు కదిలించెటోడా, ముందుగాల ఇల్లు చూసి పోతం. వచ్చే బేస్తారం గాదు, ఆ మీది బేస్తారం."

ఈ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సరోజన కావాలె. అంత కావాలని అప్పటిదాక నేను దేన్నీ అనుకోలే. కావాలంటె నా చేతులు కదుల్తయని నర్సయ్యకు కనబడాలె. మంచి పిలగాడైతె ఏం చేస్తడు? గొడ్డలి పట్టుకొని పది దినాలు పని నేర్చుకుంటడు. నేను ఫిట్టరును గద, మిషిని చేద్దామనుకున్న.

కట్టెలు చీల్చే మిషిని. లారీ పాత సామాన్లమ్మే జాగల ఒక స్క్రూ జాకి దొరికింది. వెల్డింగ్ షాపుల నా దోస్తు ఇనుప చానెళ్లు అతికి పొడుగు పీఠం చేసిండు. పీఠానికి ఈ కొనకు జాకిని అడ్డంగ పండబెట్టినం, ఆ కొనకు లారీ చక్రాల మీదుండే కమాన్ పట్టా ముక్కను పదును పెట్టి బ్లేడు లెక్క నిలబెట్టినం. మధ్యల మొద్దు పెట్టాలె. రాడ్డు తిప్పుతుంటె జాకి మొద్దును నెడతది, మొద్దు పోయి బ్లేడుకు గుద్దుకుంటది, చీలుతది. లెక్క సక్కగనే ఉంది కదా? ఇంతవరకు సక్కగనే ఉంది.

ఇగ కాళ్లు ఎంత ఎత్తు పెట్టాలె అని దోస్తు అడిగిండు.

"మోచేతి ఎత్తు" అన్న, అడుగుడు ఆలస్యం.

"ఎవని మోచెయ్యి?"

"ఎవని మోచెయ్యి ఏందిరా, మోచెయ్యంటె మోచెయ్యే" అని గోడకు ఆనుకొని నిలబడ్డ. టేపు పెట్టి కొలిచిండు. నలభై అయిదు ఇంచులు. నేను ఆరడుగుల మనిషిని, చెప్పుడు మరిచిన.

మిషిని డిపోల దిగింది. దిగిన సంబురంతోని కొమురయ్య కాకను పిలిచిన.

"కాకా, ఇగ నువ్వు జన్మల వంగే పని లేదు."

"వంగకపోతె కట్టె ఎట్ల చీల్తదిర బిడ్డా?"

"నిలబడి చీలుస్తవ్. మోచేతి ఎత్తు. రాడ్డు తిప్పుడే పని. చాయ తాగుకుంట తిప్పచ్చు."

కాక వచ్చి మిషిని పక్కన నిలబడ్డడు. పీఠం ఆయన రొమ్ము దాక వచ్చింది. చెయ్యి పైకి లేపి దాని మీద పెట్టిండు, రైలు పెట్టెల పై బెర్తు అందుకున్నట్టు.

"ఇది నా మోచెయ్యి గాదు బిడ్డా."

"కింద రెండు బండలేస్త. ఎక్కి నిలబడు."

"బండల మీదికి నేనెక్కుత. మరి మొద్దెట్ల ఎక్కుతది?"

"ఎత్తి పెట్టాలె."

"ఎవలు?"

"ఒక్కసారి ఎత్తుడే గద కాకా!"

"ఒక్క మొద్దుకు ఒక్కసారి. దినాం ఎన్ని మొద్దులు చీలుస్తనో ఎప్పుడన్న లెక్క పెట్టినవా?" అని గొడ్డలి భుజానేసుకొని తన దుంగ కాడికి పోయిండు. "నేను దొర్లిస్త గాని ఎత్తను. ఎత్తెటోడైతె ఇన్నేండ్లు బతుకునా?"

సదువుకోనోళ్లకు ఇసోంటి అనుమానాలు ఉంటయ్‌లే అనుకున్న. అవును, అట్లనే అనుకున్న. దాస్తె ఏమొస్తది?

బుధవారం పొద్దుగాల ట్రయల్ పెట్టిన. పిక్క లావు వేప కొమ్మలు ఏరుకున్న. అవి ఒంటి చేత్తోని లేస్తయ్. ఒకటి పెట్టిన, రాడ్డు తిప్పిన, పట్టుమని చీలింది. ఇంకొకటి. ఇంకొకటి. పక్కిండ్ల మగ్గాలు ఆగినయ్, నేతోళ్లు గోడ మీదికెల్లి తొంగిచూసిండ్రు. "శబ్బాష్ బిక్షపతి!" అన్నడొకడు. నేను చాతీ ఇంత చేసుకున్న. పది కొమ్మలు చీల్చినా నడుం సురుక్కు అన్లే. మోచేతి ఎత్తు అంటే ఊకెనే గాదు మరి!

బాపు మాత్రం తరాజు కాడ కూసొని చూసి, "మంచిగనే ఉంది. రేపు వాళ్ల ముందట దీని జోలికి పోకు" అన్నడు.

"ఎందుకు బాపు?"

"నీ చెయ్యి పడ్డది ఏదైనా మొదటి దినం మంచిగనే నడుస్తది. రెండో దినమే నాకు ఫికర్."

బేస్తారం వచ్చింది. నర్సయ్య, ఆయన భార్య, ఆయన అక్క, ముగ్గురు వచ్చిండ్రు. ఆ అక్క మాట ఆ ఇంట్ల చట్టమని అమ్మ ముందుగాలనే చెప్పింది. ఆడోళ్లిద్దరు దొడ్డిదారిన నేరుగ ఇంట్లకు పోయిండ్రు, వంటర్ర చూడ. నర్సయ్య మాత్రం బాపుతోని డిపోల తిరుగుతాండు. నేను మిషిని పక్కన నిలబడ్డ. తెల్లంగి, తలకు నూనె, పక్కనే ఏరి పెట్టుకున్న సన్న వేప కొమ్మలు. బాపు కండ్లతోని "వద్దు" అంటాండు. నేను చూడనట్టే ఉన్న.

నర్సయ్య సన్నటి మనిషి, పెద్ద మీసం, గోర్ల సందుల ఎప్పుడూ రంగు. మిషిని కాడ ఆగిండు.

"ఇదేంది బిడ్డా?"

అడిగిండు! ఇగ నన్ను ఆపేటోడెవడు? జాకి, బ్లేడు, కమాన్ పట్టా, మోచెయ్యి, భుజం, నడుం, ఐటీఐ, అన్ని ఒక్క ఊపుల చెప్పిన. ఆయన మధ్యల "ఊఁ" అన్నడు, పీఠం మీద చెయ్యి పెట్టి చూసిండు.

"మంచిగుంది. ఏదీ, ఒకటి చీల్చు."

నేను వేప కొమ్మ అందుకున్న.

"అది గాదు. అసోంటివి మా ఇంటిది మోకాలికి పెట్టి ఇరుస్తది." చుట్టు చూసి, ఒక చింత మొద్దును కాలితోని తాకిండు. "ఇగో, దీన్ని చీల్చు. ఇసోంటియే నా కాగుల కిందికి రాత్రి దాక నిలుస్తయ్."

ఆ మొద్దును నేనెరుగుదు. మొత్తం ముడులే ముడులు. నలభై కిలోలకు ఎక్కువే గాని తక్కువ ఉండదు. కొమురయ్య కాకనే "దీని సంగతి ఆఖరికి చూద్దాం" అని పక్కకు దొర్లించిండు.

కాక గొడ్డలి పక్కన పెట్టి ఉరికొచ్చిండు. "ఉండు బిడ్డా, ఇద్దరం పడదాం."

"వద్దు కాకా. నువ్వు పక్కకుండు. నేనే ఎత్తుత."

ఈ మాట గుర్తు పెట్టుకోండ్రి. ముసలాయన మీద జాలితోని అన్లే. ఆరడుగుల మనిషిని, పిల్లతండ్రి ముందట అయిదడుగుల మనిషితోని చెయ్యి కలిపితె చిన్నతనమని అన్న.

వంగిన. మొద్దును కావలించుకున్న. మోకాళ్ల దాక లేచింది, పర్వాలేదు. తొడల దాక లేచింది, అంగీ గుండీ ఒకటి ఎగిరిపోయింది. బొడ్డు దాక వచ్చింది, కండ్ల ముందట మినుకు మినుకుమన్నది. పీఠం ఇంకా జానెడు పైనుంది! నలభై అయిదు ఇంచులంటె ఎంతనో నాకు అప్పుడు తెలిసింది. అంతకుముందు టేపుకు తెలుసు, నాకు తెల్వదు. పళ్లు కొరికి, నడుమును విల్లు లెక్క ఎనుకకు వంచి, ఒక్క నూకు నూకిన. మొద్దు అంచు చానెల్‌కు తాకింది.

కటుక్కు.

"చీలిందా?" అన్నడు బాపు దూరంకెల్లి.

"చీలింది బాపు" అన్న. "నా లోపట."

మొద్దు ఎనుకకు దొర్లి నేల మీద దబ్బున పడ్డది. కాళ్ల మీద పడలే, అది నా అదృష్టం. దాని ఎంబడి నేను ముందుకు వంగిన. వంగి అట్లనే ఉన్న. లేవబోతే నడుముల ఎవడో గూటం కొట్టినట్టుంది.

ఆ చప్పుడికి ఆడోళ్లు ఇంట్లకెల్లి ఉరికొచ్చిండ్రు. వాళ్లకు కనబడ్డది ఏంది? నర్సయ్య ముందట తెల్లంగి ఏసుకున్న పిలగాడు, రెండు చేతులు కిందికి ఏలాడేసి, నేల దాక వంగి ఉన్నడు. మా బాపు జిందగీల చదువుకోలే గాని, అటువంటి యాల్ల ఆయన తలకాయ లాయరు తలకాయ. ఉరికొచ్చి నా ఈపు మీద చెయ్యేసి, "మామకు మొక్కుతాండు" అన్నడు.

నర్సయ్య కాళ్లు నా దిక్కు ఒక అడుగు జరిగినయ్. అంతా ఆయన కండ్ల ముందటనే అయింది కదా! అయిపోయిందిరా నా పని అనుకున్న.

"సల్లగుండు బిడ్డా" అన్నడు. "ఇగ లే."

నేను లేవలే.

"ఎంత ఇనయమే!" అన్నది నర్సయ్య అక్క. "ఈ కాలంల ఇసోంటి పోరగాళ్లు ఏడున్నరు?"

"అవునక్కా" అన్నడు నర్సయ్య. "నీకు గూడ మొక్కుతడట."

బాపు నా భుజాలు పట్టి, సైకిల్ హ్యాండిల్ తిప్పినట్టు అక్క దిక్కు తిప్పిండు. ఆ పూట నేను చూసినవన్నీ కాళ్లే. పగిలిన మడిమలు, వెండి కడియాలు: అక్క. మొక్కిన. పసుపు పాదాలు, మెట్టెలు: నర్సయ్య భార్య. మొక్కిన. "మీ అమ్మకు మొక్కవా?" అన్నడు నర్సయ్య. మా అమ్మ కాళ్లు ఒణుకుతాన్నయ్, నవ్వుకో ఏడుపుకో తెల్వలే. మొక్కిన.

"ఆ పెద్దమనిషి ఏం పాపం చేసిండు? ఆయనకు గూడ."

దుమ్ము పట్టిన రెండు కాళ్లు ఎనుకకు జరిగినయ్. "నాకెందుకు సేటూ, వద్దు" అన్నడు కొమురయ్య కాక. బాపు తిప్పనే తిప్పిండు. కాక నా మీదికి వంగి చెవుల గుసగుసలాడిండు.

"బిడ్డా, పట్టిందా?"

"పట్టింది కాకా."

"నే చెప్పలే?"

"ఇప్పుడొద్దు కాకా."

చాయ తాగేటందుకు నన్ను నడిపించుకపోయి పీట మీద కూసోబెట్టిండ్రు. కూసున్నా మడత మడతే. గ్లాసు నేల మీద పెట్టి, నోరు దాని కాడికి కొంచపోయి తాగిన.

"ఏందమ్మా, మీ పోరడు తలకాయ లేపడు?" అన్నది అక్క.

"సిగ్గు" అన్నది అమ్మ.

"మొగపోరనికి ఇంత సిగ్గా?"

"మా ఇంట్ల అందరం గంతే" అన్నది అమ్మ. మా బాపు నోరు తెరిస్తె మా గల్లీల మగ్గాల చప్పుడు వినబడకపోయేది. ఆ మనిషి గూడ ఆ పూట సిగ్గుపడ్డట్టు తల వంచుకున్నడు.

పోయేటప్పుడు నర్సయ్య నా ముందట గొంతుక్కూసున్నడు, నా మొకం చూడాలంటె ఇంకో దారి లేదు. మెల్లగ, నాకొక్కనికే వినబడేటట్టు చెప్పిండు.

"ఆముదం రాపిచ్చుకో. ఇటుక కాల్చి, గుడ్డ చుట్టి కాపు పెట్టిచ్చుకో. మోచేతి ఎత్తు తప్పని నేనన బిడ్డా. నా కాగులు గూడ మోచేతి ఎత్తుకే పెట్టుకుందును, దాంట్ల నీళ్లు ఆకాశంకెల్లి పడేటట్టుంటె. బిందెతోని మోసేది మా సరోజన. అందుకే పొయ్యి గుంతల తవ్విన, కాగు మోకాలి కాడుంటది. పని ఎంత ఎత్తుల చేస్తవో ఒక్కటే చూడొద్దు. బరువు ఏడికెల్లి లేస్తదో అది గూడ చూడాలె."

పోయిండు. ఔనన్లే, కాదన్లే.

రెండు సంవత్సరాలు ఐటీఐల కూసున్నా నాకు ఇంత సక్కగ ఎవలూ చెప్పలే. కాని ఆ సంబురం ఎవలకు కావాలె? పిల్ల పోయింది. నేల మీద చాపేసుకొని పక్కకు తిరిగి పండుకున్న. దవాఖానల సూదేసిండ్రు, ఇంట్ల ఆముదం రాసిండ్రు, ఇటుకలు కాల్చి కాల్చి మా అమ్మ చేతులకు బొబ్బలొచ్చినయ్. "వంగి వంగి సంబంధాన్ని పాతిపెట్టినవ్ కదరా" అని ఇటుక పెట్టినప్పుడల్లా అనేది. నేను గోడ దిక్కు తిరిగి ఏడ్చిన. నడుం నొప్పికి అనుకున్నరు. కాదు, నీలం చేతులు మతికొచ్చి ఏడ్చిన.

డిపోల మిషిని మాత్రం ఖాళీగ లేదు. మోచేతి ఎత్తు కదా, వచ్చినోళ్లు చాయ గ్లాసులు పెట్టుకొని నిలబడి ముచ్చట పెట్టేటందుకు మస్తు సౌలత్‌గ ఉండెనట.

వారం గడిచింది. మాట రాలే. ఎనిమిదో దినం కొమురయ్య కాక వచ్చి నా పక్కన కూసున్నడు. బండోని ఎంబడి నర్సయ్య ఇంటికి కట్టెలేసి వచ్చిండట.

"నీ సంగతి అడిగిండు" అన్నడు.

నేను లేచి కూసున్న. ఎనిమిది దినాలల్ల మొదటిసారి సాపుగ కూసున్న, నాకే ఎరుక లేదు.

"ఏమడిగిండు కాకా?"

"ఆనాడు మొద్దు ఎత్తబోతె పోరడు నిన్ను ఎందుకు పక్కకు జరుగుమన్నడు అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"‘కాకా, నీ నడుం ముందే బాగలేదు, నా మిషిని పిచ్చికి నువ్వెందుకు ఇరగ్గొట్టుకోవాలె, ఇరిగితె నాదే ఇరగనియ్యి’ అన్నడు అని చెప్పిన."

"నేనట్ల అన్లే కద కాకా?"

"అన్లే. నేనన్న."

ఆరు నెలలు మంచం మీద కూసొని ఆయనకు సలహాలు చెప్పిన పోరన్ని, నా కోసం ఆయన ఒక్క అబద్ధం చెప్పి వచ్చిండు. ఆయన చెప్పినంక గాని అటువంటి మాట ఒకటి అనచ్చని నాకు తట్టలే. సిగ్గైంది. ఈసారి నిజంగ సిగ్గే.

"నర్సయ్య ఏమన్నడు?"

"ఏమంటడు? మిషిని చేసేటోళ్లు మస్తు మంది దొరుకుతరు, ఎత్తెటోని నడుం సంగతి ఆలోచన చేసేటోడు దొరకడు అన్నడు. వచ్చే బేస్తారం కుంకుమ బొట్టు పెట్టి పోతడట." గొడ్డలి అందుకొని లేచిండు. "జర ఇగనన్న ఆలోచన చెయ్యి."

ఆలోచన చేసిన. లేచి తిరుగ వచ్చినంక మొట్టమొదలు మిషిని కాళ్లు కోసిన. పీఠం నేలకు జానెడు ఎత్తుల పెట్టిన, మొద్దును దొర్లిస్తె దాని మీదికి పోయేటట్టు. పక్కన పీటేసుకొని రాడ్డు తిప్పాలె. ఎవల నడుం పట్టలే, మంచిగ చీలింది. కాకపోతే నేను ఒక మొద్దు చీల్చేలోపల కాక తన దుంగ మీద ఎనిమిది చీల్చిండు, మధ్యల బీడీ గూడ తాగిండు. మిషిని సంగతి అంతటితోని ఒడిసింది.

పెండ్లి మాత్రం ఒడవలే. అది ఇంకా ఉంది.

పెండ్లి పందిట్ల తెర దించిండ్రు. దండలు మార్చుకునేటందుకు ఇద్దర్ని నిలబడుమన్నరు. నేను లేచి నిలబడ్డ. సాపుగ, ఆరడుగులు. సరోజన లేచింది. ఆమె నెత్తి నా రొమ్ము కాడికొచ్చి ఆగింది. పిల్లదిక్కు ఆడోళ్లల్ల కలకలం లేచింది. నర్సయ్య అక్క చెంపలేసుకున్నది.

"తమ్మీ! ఆనాడు చూసినప్పుడు ఈ పోరడు ఇంత పొడుగు లేడు గదరా!"

"ఆనాడు నువ్వు సగమే చూసినవక్కా" అన్నడు నర్సయ్య.

"అయ్యో, పిల్లకు చెయ్యి అందుతదా? ఎవలన్న ఇంత ఎత్తు పీట తేండ్రి!"

పీట తెచ్చి ఏసిండ్రు. సరోజన దాని దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. దండ పట్టుకున్న చేతులకు పెండ్లి దినం గూడ నీలం పూర్తిగ పోలే.

"నేనెక్క" అన్నది. "ఆయననే వంగుమనుండ్రి. మా ఇంటి ఆడోళ్లందరికి వంగిండట. నాకొక్కదానికే బాకీ ఉన్నడు."

పందిరంత నవ్వు. నర్సయ్య ఇంట్ల ఏం చెప్పిండో, ఎంత చెప్పిండో అప్పుడు నాకు ఎరుకైంది. నా దిక్కు ఒక్కరు లేరు, మా అమ్మ గూడ కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతాంది. ఇగ తప్పుతదా? ఊపిరి బిగబట్టి వంగబోయిన. అంతల పందిరి ఆఖర్ల నుంచి కొమురయ్య కాక గొంతు చీరుకొని అరిచిండు.

"బిడ్డా, నడుం గాదు! మోకాళ్లు వంచు, మోకాళ్లు!"

మోకాళ్లే వంచిన. దండ పడ్డది.

ఇగ మీ అందరి ముందట ప్రమాణం చేస్తాన్న. ఈ పానం ఉన్నన్ని దినాలు నేను ఏ వస్తువుకూ ఎత్తు నిర్ణయించ. పొయ్యి గట్టు గానియ్యి, నీళ్ల డ్రమ్ము గానియ్యి, దేవుని పటం గానియ్యి, ముందుగాల ఎత్తెటోళ్లను అడుగుత, వాళ్లు చెప్పిన కాడ గీత గీస్త, నోరు మూసుకొని మేకు కొడత. నా మోచెయ్యి ఎంత ఎత్తుల ఉందో ఎవలడిగినా తెల్వదనే చెప్త. ఇది నా అంతట నేనే, ఎవల బలవంతం లేకుండ చేస్తున్న ప్రమాణం. ఒక్కొక్క మాట అందిచ్చి నాతోని పలికించేటామె, మా సరోజన, పక్కనే కూసున్నది.